మొదటి పోటీకి ముందు రాత్రి



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పతకాలు తెచ్చినవాణ్ణి కాదు. నలభై నాలుగో ఏట, బస్తర్‌లో, మొట్టమొదటిసారి సైకిలు పోటీలో దిగాను. ఆ ఉదయానికి ఎలా తయారయ్యానో చెబుతాను. రిటైరయ్యాక సైకిలు పట్టాలనుకునే వాళ్లకు పనికొస్తుంది.

అది 2018 జనవరి. సి.ఆర్.పి.ఎఫ్.లో నా డ్యూటీ అప్పుడు జగదల్‌పూర్‌లో. మా జవాన్లూ, ఊరి కుర్రాళ్లూ కలిసి పెట్టుకున్న చిన్న పోటీ. జగదల్‌పూర్ నుంచి ఇంద్రావతి మీది చిత్రకోట్ జలపాతం దాకా, దాదాపు 40 కిలోమీటర్లు. ఆరు వారాల ముందునుంచి వారానికి నాలుగు రోజులు తొక్కాను.

మొదట మోకాళ్లు నొప్పి. మన తెలుగు కానిస్టేబుల్ ఒకతను చూసి, "సార్, సీటు కిందికుంది" అన్నాడు. మడమను పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తొక్కినప్పుడు కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందుపాదంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు ఎత్తాక నొప్పి పోయింది.

రెండో జబ్బు అంత తేలిగ్గా పోలేదు. గుంట కనబడితే చాలు, నా బండి తిన్నగా గుంటలోకే పోయేది. "మీరు చక్రం ముందు నేలే చూస్తున్నారు సార్. కన్ను ఎటుపోతే బండి అటే పోతుంది. దూరం చూడండి" అన్నాడతను. నిజమే. కానీ నా కన్ను లేవదు. ఎందుకో నాకు తెలుసు.

అంతకుముందు సుక్మా జిల్లాలో, దోర్నపాల్ నుంచి జగర్‌గుండ పోయే 56 కిలోమీటర్ల దారిమీద రోడ్ ఓపెనింగ్ పార్టీలో పనిచేశాను. కాశ్మీరులో చేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నౌకాదళం, వైమానిక దళం సోదరుల కోసం రెండు మాటలు. బండ్లు కదలకముందే దారికి రెండు పక్కలా నడిచి, ప్రతి కల్వర్టూ, కొత్తగా తవ్వినట్టున్న ప్రతి మట్టీ, ప్రతి తీగముక్కా చూడాలి. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మందిని పోగొట్టుకున్న ప్రాంతం అది. అక్కడ ఒకరోజు పొద్దున్న నా జతగాడు, శ్రీకాకుళం వాడు, ఎడమ పాదం పోగొట్టుకున్నాడు. వాడు అడుగేసిన నేలను అంతకుముందు చూసి, సరే అన్నవాణ్ణి నేనే.

పోటీకి ముందురోజు అరగంట తేలిగ్గా తొక్కి ఆపేశాను. రాత్రి మంచంమీద మనకలవాటైన కిట్ లేఅవుట్. హెల్మెట్, గ్లవ్స్, స్పేర్ ట్యూబు, పంపు, నీళ్ల సీసా, నంబరు గుడ్డ, నాలుగు పిన్నీసులు. తర్వాత గాలి, బ్రేకు, చైను. ఒక కుర్రాడు ఏదో శక్తినిచ్చే ప్యాకెట్ ఇచ్చాడు. పక్కన పెట్టేశాను. అలవాటు లేనిది పోటీ రోజున కడుపులో వేయకూడదు.

నిద్ర పట్టక వాడికి ఫోన్ చేశాను.

"ఏం తింటావురా పొద్దున్న?" అన్నాడు.

"రెండు గంటల ముందు రాగి అంబలి, అరటిపండు."

"బాగుంది. ఆ దారి రేపు ఎవరు తెరుస్తున్నారు?"

"మన పిల్లలే. చీకటితోనే పోతారు."

"మరయితే అది నీ పని కాదు కదరా. నువ్వు కిందికి చూడకు."

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తర్వాత నాకు నిద్రపట్టింది.

పొద్దున్న మంచు, చలి. జెండా ఊపగానే కుర్రాళ్లు బాణాల్లా పోయారు. వాళ్లవెంట పడలేదు. కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు అదే, మొదటి పది కిలోమీటర్లలోనే ఒంట్లో ఉన్నదంతా ఖర్చుపెట్టేస్తారు. మొదటి కల్వర్టు రాగానే చేతులు వాటంతట అవే బ్రేకు పట్టాయి. కన్ను కిందికి పోయింది. బలవంతాన తల ఎత్తాను. కొంచెం దూరంలో చెట్టుకింద మన జవాను ఒకడు నిలబడి ఉన్నాడు. వీపు రోడ్డుకి, ముఖం అడవికి. నావైపు తిరిగి చూడలేదు. బ్రేకు వదిలేశాను.

చిత్రకోట్ చేరేసరికి గంటా యాభై నిమిషాలు. చివరినుంచి ఏడోవాణ్ణి. జలపాతం హోరులో నిలబడి మళ్లీ ఫోన్ చేశాను.

"పంక్చర్ అయిందా?" అన్నాడు.

"లేదురా."

"అయితే గట్టిగా తొక్కలేదన్నమాట!"

సోదరులారా, సీటు ఎత్తు ముందే సరిచూసుకోండి, సామాను రాత్రే సర్దుకోండి, కొత్త తిండి ముట్టకండి. చూపు దూరంగా పెట్టండి. మనం తొక్కే దారిని ఎవరో చీకటితో లేచి తెరిచి ఉంటారు. వెళ్తూ వెళ్తూ వాళ్లకి ఒక చెయ్యి ఊపండి. నేను ఆ రోజు ఊపలేదు, ఆ లోటు ఇప్పటికీ ఉంది.

మా వాడు ఇక్కడే రెండో వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను.

సెలవు. జై హింద్.