చెరిపినా మళ్ళీ వచ్చే కుకీలు – ఇంటి కంప్యూటర్ సంగతి
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సమాఖ్య కంప్యూటర్ ఆపరేటర్ ప్రసంగ పాఠం)

పొద్దున్నుంచి పొదుపు, అప్పులు, వసూళ్ళ లెక్కలు విని అలసిపోయినారు. నేను చెప్పేదీ లెక్క గురించే. కాకపోతే ఇది మన గురించి ఇంకెవరో రాసుకునే లెక్క.

మన సభ్యురాలు ఒకామె, పేరు చెప్పను, కూతురి కాలేజీ ఫీజు కోసం బంగారం మీద అప్పుకు యాడ వడ్డీ తక్కువుందో చూద్దామని ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లో నాలుగైదు చోట్ల వెతికింది. అప్పు తీసుకోలేదు. సంఘంలోనే అడుగుదాంలే అని ఊరకుండిపోయింది. మూడో రోజు భర్త క్రికెట్ స్కోరు చూద్దామని కూర్చుంటే పైన, పక్కన, కింద అన్నీ బంగారం అప్పు ప్రకటనలే. "నాకు చెప్పకుండా ఏ నగ కుదువ పెట్టినావు?" అని గొడవ. నగలన్నీ తెచ్చి ముందర పెట్టి చూపించాల్సి వచ్చింది పాపం. ఆమె ఆఫీసుకొచ్చి నన్ను అడిగింది, "కంప్యూటర్‌కు నోరుండాదా అక్కా?" అని.

నోరు లేదు, టోకెన్ ఉండాది. గుడి దగ్గర సామాను వదిలితే ఒక టోకెన్ ఇస్తారు కదా, నంబరు చూసి మన సామాను మనకిస్తారు. కుకీ అట్లాంటిదే. మనం చూసిన సైటు మన కంప్యూటర్‌లో దాచిపెట్టే చిన్న నంబరు చీటీ. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు దీన్ని కనిపెట్టాడు. బ్యాంకు సైటులో ఒకసారి లోపలికి పోయినాక ప్రతి పేజీకీ పాస్‌వర్డ్ అడగకపోవడం దీని పుణ్యమే. ఇది వైరస్ కాదు, మన ఫైళ్ళను పాడుచేయదు.

తంటా అంతా రెండో రకంతో. గాంధీ రోడ్డులో పది అంగళ్ళు ఎక్కినామనుకోండి. ప్రతి అంగడి గుమ్మంలో ఒకే ప్రకటనల కంపెనీ మనిషి కూర్చోనుండాడు. మొదటి అంగట్లోనే మనకు తెలియకుండా కొంగుకు ఒక నంబరు చీటీ కట్టినాడు. ఈ నంబరు చీర చూసింది, గాజులు చూసింది, కుదువ అంగట్లో వడ్డీ అడిగింది అని రాసుకుంటానే ఉంటాడు. మన పేరుతో అతనికి పని లేదు, నంబరు చాలు. ఇంటిల్లిపాదికీ కంప్యూటర్ ఒకటే కాబట్టి ఎవరు కూర్చున్నా కొంగు ఒకటే. భార్య వెతికింది భర్తకు కనపడింది అందుకే.

కొన్ని చీటీలు బ్రౌజర్ మూయగానే పోతాయి. ఇవి పోవు. 2022 ఆగస్టు నుంచి క్రోమ్‌లో 400 రోజులకు మించి గడువు పెట్టడానికి లేదు. కానీ ఆ సైటుకు మళ్ళీ పోతే గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్క. తనంతట తానే రెన్యువల్ అయ్యే అప్పు మాదిరి!

"చెరిపినాం, మళ్ళీ వచ్చినాయి" అని చాలామంది అంటారు. మామూలుగా జరిగేది ఏమంటే, కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కితే చెరిపే పెట్టె తెరుచుకుంటుంది. అందులో కాలం అడిగే చోట చివరి ఒక గంట అనో, అంతకన్నా తక్కువో ఉంటుంది. అది చూడకుండా డిలీట్ కొడితే ఆ గంటవే పోతాయి, ఏడాదివి అట్లే ఉంటాయి. అక్కడ 'ఆల్ టైమ్' ఎంచుకోండి. 'కుకీస్ అండ్ అదర్ సైట్ డేటా' అన్నదానికి టిక్ పెట్టండి. ఆ 'అదర్' ముఖ్యం. ఒకే నంబరును పది మూలల్లో దాచిపెడితే ఒకచోట చెరిపినా ఇంకోచోట నుంచి తిరిగి పుడుతుందని సామీ కామ్‌కర్ అనే ఆయన 2010లో 'ఎవర్‌కుకీ' చేసి చూపించాడు. పాస్‌వర్డ్‌ల పక్కన మాత్రం టిక్ పెట్టొద్దు. చెరిపినాక సైట్లలో మళ్ళీ లాగిన్ కావాల్సి వస్తాది, గాబరా పడొద్దు.

చెరపడం కన్నా రానీకుండా చేసేదే మేలు. క్రోమ్ సెట్టింగుల్లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లోకి పోయి 'థర్డ్ పార్టీ కుకీస్'ను బ్లాక్ చేయండి. గుమ్మంలో కూర్చున్న మనిషిని లేపేసినట్టు. అంగడివాళ్ళ టోకెన్ పనిచేస్తానే ఉంటుంది. వీటిని తామే తీసేస్తామని గూగుల్ 2020లో చెప్పింది, 2024లో వెనక్కి తగ్గింది. అందువల్ల మన చేత్తో మనమే ఆపుకోవాలి. ఫైర్‌ఫాక్స్ అయితే 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే వేరుగా పెడుతోంది.

ఇంకో పని కూడా చేయండి. బ్రౌజర్‌లో మీ పేరుతో వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. ఇంట్లో మనకంటూ ఒక ట్రంకు పెట్టె ఉన్నట్టు. దానికి తాళం ఉండదు, తెరిచి చూడాలనుకుంటే చూడొచ్చు. కానీ మీరు వెతికినదాని కుకీలు ఇంకొకరి ప్రొఫైల్‌లోకి పోవు. ఇద్దరూ ఒకే గూగుల్ ఖాతా వాడితే మాత్రం ఈ పని దండగే, ఎందుకంటే ఆ ఖాతాకే ప్రకటనలు వెంటబడతాయి.

మూలలో "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని టపటపా వచ్చేవి కుకీలు కావు. ఎప్పుడో ఒక సైటు నోటిఫికేషన్ పంపొచ్చా అని అడిగితే ఎవరో 'అలౌ' నొక్కి ఉంటారు. సెట్టింగుల్లో నోటిఫికేషన్ల జాబితాలో ఆ సైటును తీసేస్తే ఆగుతాయి. అందులో ఇచ్చిన నంబరుకు ఫోను చేయొద్దు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి చేయండి.

తీర్మానాల పుస్తకంలో చదవకుండా సంతకం పెట్టని మనం, 'యాక్సెప్ట్ ఆల్' మాత్రం తటాలున నొక్కుతాం. పక్కనో, కిందో 'రిజెక్ట్' ఉంటుంది, వెతకండి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగే నోటీసును తెలుగులో చదువుకునే వీలివ్వాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చినాయి. కంపెనీలు సర్దుకోవడానికి గడువు ఇచ్చారు.

సమాఖ్య ఆఫీసులో మధ్యాహ్నం రెండు తర్వాత కంప్యూటర్ ఖాళీగా ఉంటుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు చార్జరుతో సహా తీసుకురండి. పక్కన కూర్చుని చూపిస్తా, మీటలు మాత్రం మీరే నొక్కాలి.