పాత కంప్యూటర్లకి తెలుగు ఎందుకు రాలేదు?

వింజమూరులో కూర్చుని ఫోన్‌లో తెలుగులో మెసేజ్ కొడితే, అమెరికాలో ఉన్న అన్నకి అవే అక్షరాలు కనిపిస్తాయి కదా. పాత పీసీల్లో ఈ సుఖం లేదు.

1981లో ఐబీఎం పీసీతో డాస్ వచ్చింది. మౌస్ లేదు, ఐకాన్లు లేవు. ప్రతి పనికీ ఇంగ్లిష్‌లో కమాండ్ కొట్టాల్సిందే. విండోస్ 95లో స్టార్ట్ బటన్ వచ్చింది, పని తేలికైంది. కానీ తెలుగు మాత్రం దానికి తెలీదు.

మరి డీటీపీ షాపుల్లో పెళ్లిపత్రికలు ఎలా కొట్టారు? అను లాంటి ఫాంట్లతో. లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాల కోడే. ఫాంటు దానికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అంతా గజిబిజి.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. విండోస్‌లోకి అది వచ్చింది మాత్రం 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. అదీ సెట్టింగ్స్‌లో టిక్కు పెట్టి, సీడీ వేసి ఎక్కించుకోవాలి. విస్టా నుంచి ఆ బాధ తప్పింది.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఆ పాత పీసీలు ఇప్పుడు పాత సామాన్ల కొట్టుకి పోతున్నాయి. మీ తాతయ్య రాసిన పద్యాలో, ఊరి గుడి చరిత్రో వాటిలో ఉండొచ్చు. పడేసేముందు ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. ఒత్తులు తారుమారవుతాయి, కాబట్టి పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చదివి సరిచూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.