ముక్క పరీక్ష తేల్చేదాకా

యువ వైద్యులారా, కాలేయంలోనే పుట్టే లింఫోమా గురించి మాట్లాడతాను. మీలో చాలామందికి అది జీవితంలో ఒక్కసారి కూడా ఎదురుకాకపోవచ్చు. లింఫ్ గ్రంథుల వెలుపల మొదలయ్యే లింఫోమాల్లో దాని వాటా నూటికి ఒకటి కూడా లేదు. పైగా తనకంటూ ప్రత్యేక లక్షణమేదీ లేని జబ్బు: కుడి డొక్కలో నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, ఒక్కోసారి కామెర్లు. స్కానింగులో ఒకే గడ్డ కనబడితే కాలేయ క్యాన్సర్ అనిపిస్తుంది. పలుచోట్ల మచ్చలుంటే మరెక్కడినుంచో పాకిందనిపిస్తుంది. గడ్డ లేకుండా కాలేయమంతా వాస్తే హెపటైటిస్ అనుకుంటాం. జ్వరంతో మనిషి చిక్కిపోతే మన దేశంలో ముందు క్షయ గుర్తుకొస్తుంది, అది సహజం కూడా. ఎల్‌డీహెచ్ బాగా పెరిగి ఏఎఫ్‌పీ, సీఈఏ మామూలుగా ఉంటే లింఫోమాను అనుమానించాలి. అయితే ఏఎఫ్‌పీ పెరగని కాలేయ క్యాన్సర్లూ తక్కువేం కాదు, కాబట్టి అంకెలతో అనుమానం కలుగుతుందే తప్ప నిర్ధారణ జరగదు. నిర్ధారణ ముక్క పరీక్షతోనే. ఆ ముక్కలో సీడీ20 వంటి గుర్తులు వెతికితే, ఎక్కువసార్లు అది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అని తేలుతుంది.

ఇంత అరుదైన జబ్బు కోసం ప్రతి గడ్డలోనూ సూది గుచ్చాలా? న్యాయమైన ప్రశ్నే. రక్తస్రావం కావచ్చు, సూది దారిలో క్యాన్సర్ కణాలు నాటుకునే ప్రమాదమూ కొంత ఉంది. సిరోసిస్ ఉన్నవారిలో స్కాను తీరు స్పష్టంగా ఉంటే ముక్క తీయకుండానే కాలేయ క్యాన్సర్‌ను నిర్ధారించవచ్చని మార్గదర్శకాలే చెబుతున్నాయి, నేనూ కాదనను. కానీ ఆ వెసులుబాటు సిరోసిస్ వంటి ముప్పున్నవారికే. సిరోసిస్ లేని కాలేయంలోని గడ్డకూ దాన్నే వర్తింపజేస్తే, రిటుక్సిమాబ్‌తో కూడిన కీమోథెరపీకి కరిగిపోగల గడ్డ కోసం కాలేయాన్ని కోయాల్సి వస్తుంది. అంతకన్నా దారుణం, నయమయ్యే అవకాశమున్న మనిషిని ఇక చేసేదేమీ లేదంటూ ఇంటికి పంపేయడం. అరుదైన జబ్బును పట్టుకున్నామన్న గొప్ప కోసం కాదు, ఆధారం లేకుండా జబ్బుకు పేరు పెట్టకూడదని ఇంతగా చెబుతున్నాను.

చిన్న ఆసుపత్రిలో సీడీ20 వంటి గుర్తులు వెతికే పరీక్షలెక్కడ అంటారేమో. రోగి కదలనక్కర్లేదు, మైనంలో భద్రపరచిన ముక్క పెద్ద ల్యాబుకు ప్రయాణం చేయగలదు. అయితే జ్వరం తగ్గడంలేదని ముందే స్టెరాయిడ్ ఇచ్చేస్తే లింఫోమా కణాలు కరిగి, పాథాలజిస్టుకు ఏమీ దొరక్కపోవచ్చు. లింఫోమా అని తేలాక కూడా పెట్ స్కాను, ఎముక మజ్జ పరీక్ష చేయించండి; జబ్బు మరెక్కడా లేదని చూశాకే అది కాలేయంలో పుట్టిందనగలం. రిటుక్సిమాబ్ ఎక్కించేముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే అణగి ఉన్న ఆ వైరస్ మందువల్ల తిరగబెట్టి ప్రాణం మీదికి తేగలదు.