పేరు రాసిన ఫొటో



గ్రంథాలయ శాస్త్రంలో, ఆర్కైవ్స్‌లో పట్టాలు పుచ్చుకుంటున్న మీతో న్యూయార్క్‌లో తీసిన రెండు ఫొటోల గురించి మాట్లాడతాను. రెండూ ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలవే.

మొదటిది 1890 ప్రాంతంలో జేకబ్ రీస్ తీసింది. ఇరుకు గది, చుట్టూ మూటలు, మధ్యలో తల్లి. ఒడిలో గుడ్డలు చుట్టిన పసిగుడ్డు. ఆమె కళ్లు పైకెత్తి ఎటో చూస్తోంది. చాలా పేరుపొందిన ఫొటో ఇది. శీర్షికలో మాత్రం జెర్సీ స్ట్రీట్‌లో చింకిగుడ్డలు ఏరుకునే ఇటాలియన్ ఇల్లు అనే ఉంది. మురికివాడల బతుకు లోకానికి చూపించాలనుకున్నాడు రీస్, చూపించాడు. కానీ ఆమె మునిమనవలు ఇవాళ ఆ ఫొటో ముందు నిలబడినా, మా మనిషే అనుకోవడానికి అందులో ఆధారం లేదు.

రెండోది 1911 డిసెంబరులో మాట్ స్ట్రీట్‌లో లూయిస్ హైన్ తీసింది. పై అంతస్తు గదిలో తల్లీపిల్లలూ కూర్చుని కృత్రిమ పూలు తయారుచేస్తున్నారు. హైన్ దాని వివరాల్లో ఇంటి నంబరు రాశాడు, ఇంటిపేరు రాశాడు, పిల్లల వయసులు రాశాడు. అందరూ కలిసి చేస్తే రోజుకి వచ్చేది 40, 50 సెంట్లని రాశాడు. తండ్రి గుర్రపు బండి తోలతాడు, పని నికరంగా ఉండదు. ఇరవై నెలల చంటివాడు ఇప్పుడు పూలతో ఆడుకుంటున్నాడు, ఇంకొన్నాళ్లకి వాడూ ఓ చెయ్యి వేస్తాడని ఇంట్లోవాళ్ల ఆశ. ఈ ముక్క రాసినవాడు ఫొటోగ్రాఫరా, కథకుడా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

బాలకార్మిక వ్యవస్థ మీద పోరాడే జాతీయ సంఘం కోసం పనిచేసేవాడు హైన్. ఫ్యాక్టరీల్లోకి బైబిళ్లు అమ్మేవాడిలానో, పోస్టుకార్డులవాడిలానో వెళ్లేవాడు. జేబులో చెయ్యి పెట్టి, చూడకుండానే చీటీ మీద రాసుకునేవాడు. తన కోటు గుండీలు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పిల్లవాడి తల ఏ గుండీ దాకా వస్తే వాడి ఎత్తు అంత! చెవికి విన్నట్టు రాసిన పేర్లలో తప్పులు దొర్లాయి, నిజమే. ఆ తప్పుల్ని తర్వాతివాళ్లు దిద్దుకోగలిగారు.

ఆ సంఘం కోసం తీసిన ఫొటోలు 5,000కు పైగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఎవరైనా పైసా కట్టకుండా చూడొచ్చు. ఆ పేర్లు పట్టుకుని వారసుల్ని వెతికి కలిసినవాళ్లున్నారు. తమ అమ్మకి చిన్నప్పటి ఫొటో ఒకటుందని అప్పటిదాకా తెలియని కుటుంబాలున్నాయి.

ఇంకో సంగతి. 1939-41 మధ్య న్యూయార్క్ నగరం పన్ను లెక్క కోసం ప్రతి భవనాన్నీ ఫొటో తీయించింది. ముందు ఓ పలక మీద బ్లాకు నంబరు, స్థలం నంబరు. జ్ఞాపకాల కోసం తీసినవి కావు. 2018లో ఏడు లక్షలకు పైగా ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టారు. తాతగారి పాత అడ్రసు తెలిస్తే చాలు, మనవరాలు ఆ ఇంటి గుమ్మం చూసుకోవచ్చు.

మనవాళ్లూ ఓడలెక్కారు. కోరంగి నుంచి మారిషస్ వెళ్లిన తెలుగు కూలీల వారసులు అక్కడి మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులు తిరగేసి తమ పెద్దల్ని వెతుక్కుంటారు.

మీరు చేరబోయే ఆఫీసుల్లో ఫొటో నకలు కావాలంటే దరఖాస్తు, రుసుము, పెద్దాయన సంతకం అంటారు. లేదా వేల ఫొటోలు స్కాన్ చేసి, వరుస నంబర్లు వేసి, డిజిటైజేషన్ పూర్తి అని రిపోర్టు పంపుతారు. పేరుతో వెతికితే దొరకని స్కాను బీరువాలో ఉన్నా ఒకటే, కంప్యూటర్‌లో ఉన్నా ఒకటే.

ఉద్యోగంలో చేరగానే వివరాలు లేని ఫొటోలు ముందు బయటికి తీయండి. ఆ ఊళ్లో ముసలివాళ్లు ఉండగానే వెళ్లి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాయండి.