నొప్పి లేని పుండు

(ఉప్పుగూడ సంఘ కూడికలో స్త్రీల మైత్రి పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఉప్పుగూడలో ఇండ్లు దర్శించుచుండగా స్టేషను దరి ఒక పెద్దయ్య అరికాలి పుండును మేము చూచాము. ఏడు నెలలుగా మందు పూసినా మానలేదు. "నొప్పి లేదమ్మా, అందుకే తిరుగుతున్న" అన్నాడు. నొప్పి లేదని మేము సంతోషించాము. అది మా తెలియనితనము. రోగము జాడ ఆ మాటలోనే ఉన్నది.

చర్మవైద్యుడు మొదట చక్కెర వ్యాధి పరీక్ష చేయించారు, దానివల్లను ఇట్టి పుండు వచ్చును గనుక. అది లేదు. తరువాత కళ్ళు మూయించి దూదిపోగుతో తాకారు. పాదమునకు స్పర్శ లేదు. ముంజేతిపైని పాలిన మచ్చకును లేదు. మోచేతి వెనుక నరము లావెక్కియున్నది. అది కుష్ఠు. మచ్చను రెండేండ్ల క్రిందటే చూచుకొన్నాడట. మనుమరాలి సంబంధము తప్పునని దాచాడు.

కుష్ఠు క్రిమి నరమును చెరుపును. స్పర్శ పోయిన కాలికి ముల్లు, మేకు, వేడి తెలియవు. గాయముతోనే నడువగా పుండు పెరుగును. వేలూరులో డాక్టరు పాల్ బ్రాండ్ గారు ఈ సంగతి గ్రహించి, పిండికట్టుతో కాలికి విశ్రాంతినిచ్చి పుండ్లు మాన్పించారు.

మన ప్రాంతమునకు ఈ సేవ క్రొత్తది కాదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ గారు 1915లో ఆసుపత్రి నెలకొల్పారు. అందుకు ధనసహాయము చేసిన నర్సాగౌడు గారు హిందువు. ఆనాడు చాల్‌మొగ్ర నూనె సూదిమందే ఆధారము.

1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసినది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అను ఈ మందులు రోగమునుబట్టి 6 లేక 12 నెలలు వాడవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగము ఇతరులకు అంటదు, ఇల్లు విడువనక్కరలేదు.

అయితే మాత్రలు క్రిమిని చంపును గాని, ఎన్నాళ్ళుగానో పోయిన స్పర్శను తేలేవు. పెద్దయ్య కాలు కదపక కూర్చున్నాడు, రోజూ నానబెట్టి కడిగించుకొన్నాడు. పుండు మానినది. ఇప్పుడు మెత్తని అట్ట చెప్పులు తొడిగి, ప్రతి రాత్రి అరికాలు చూచుకొనుచున్నాడు. వంకరపోయిన రెండు వ్రేళ్ళు మాత్రము తిరిగి రాలేదు. రెండేండ్లు దాచినందుకు ఆయన చెల్లించిన వెల అది.

కాబట్టి స్పర్శ లేని మచ్చను గాని, నొప్పి లేని పుండును గాని చూచినప్పుడు ఊరకుండవద్దు. ఆ మనిషిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళండి. ఆయన దాచవలసినంత భయము మన మాటలలో లేకుండ చూచుకొందము.