గడ్డముండేవారు ముక్కుగుడ్డ కట్టుకునే తీరు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కర్నూలు, కడప సీమలో దుమ్ముతో బతికే ఇళ్లు ఎక్కువ. దూదేకుల సోదరులు తరతరాలుగా దూది ఏకినవారు. ఆదోనిలో జిన్నింగు మిల్లులు, బేతంచెర్లలో నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలు, మంగంపేటలో ముగ్గురాయి గనులు ఉన్నాయి. దూది దుమ్ముతో వచ్చే జబ్బు బిస్సినోసిస్. సెలవు గడిచి పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ పట్టేయడం దాని గుర్తు. రాతిలోని సిలికా పొడితో వచ్చే సిలికోసిస్ ఒకసారి పట్టుకుంటే నయం కాదు.

2020 ఏప్రిల్‌లో కరోనా కేసులు ఎక్కువగా వచ్చిన జిల్లాల్లో మన కర్నూలు ఒకటి. మనిషికి మూడు గుడ్డ మాస్కులు పంచాలని ప్రభుత్వం తలపెట్టగా పొదుపు సంఘాల ఆడవాళ్లు కుట్టారు. నిండు గడ్డం మీద అటువంటి మాస్కు నిలవదు, మాట్లాడితే చాలు జారిపోతుంది. అట్లని గడ్డం తీసేయమంటే ఎట్లా? గడ్డం సున్నత్, ప్రాణం కాపాడుకోవడం ఫర్జ్. రెండూ నిలిచే దారి మేము చెప్తాము, వినండి.

దట్టంగా నేసిన పాత నూలు లుంగీ గుడ్డ మూడు పొరలు తీసుకోండి. వెడల్పు జానెడు, పొడవు జానెడున్నర. పక్కల మూడు మడతలు పెట్టి కుట్టండి. పై అంచులో సన్నని తీగ దూర్చితే ముక్కుకు అతుక్కుంటుంది. చెవులకు రబ్బరు వద్దు, నాలుగు నాడాలు పెట్టండి. పై రెండూ తల వెనక, కింది రెండూ నడినెత్తిన ముడి వేస్తే గడ్డం గుడ్డలోనే ఒదుగుతుంది. గడ్డం పొడుగైతే ముందు ఒక రుమాలు గడ్డం కిందినుంచి నెత్తికి కట్టి, దానిమీద మాస్కు వేసుకోవాలి. రోజూ సబ్బుతో ఉతకాలి.

సిక్కు సోదరులు గడ్డానికి గుడ్డ కట్టడం పాత అలవాటే. 2020లో బ్రిటన్‌లో సిక్కు డాక్టర్లు పల్చని రబ్బరు పట్టీని అట్లే కట్టి, దానిమీద ఆసుపత్రి మాస్కు వేసి పరీక్షిస్తే 27 మందిలో 25 మందికి సరిపోయింది.

ఒక్క మాట మరువకండి. గుడ్డ తుంపరలను ఆపుతుంది, దూది నలకలను కొంత ఆపుతుంది. సన్నని రాతిపొడిని ఆపలేదు. రాయి కోసేచోట నీళ్లు పారించాలని, తగిన మాస్కులు ఇవ్వాలని యజమానులను అందరూ కలిసి అడగాలి. ఒక్కడు అడిగితే కూలి పోతుంది, సంఘం అడిగితే జవాబు వస్తుంది.

నమాజులో నోరు కప్పడం మామూలుగా మకరూహ్ అయినా, అవసరమున్నప్పుడు తప్పు లేదని ఉలమా 2020లో చెప్పనే చెప్పారు.

కుట్టుమిషను ఉన్న ప్రతి ఇల్లూ పక్కింటి కూలి సోదరునికి రెండు కుట్టి ఇస్తే చాలు. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.