రాతిపువ్వు: దాని తీరు, దాని ఉపయోగములు
(ప్రసంగ పాఠము)



కోనసీమలో కొబ్బరి మ్రాకులపై తెల్లని, బూడిదరంగు మచ్చలను చూడని వారుండరు. ముదిరిన మామిడి కొమ్మలపైనను, పాత కోవెల రాళ్లపైనను అట్టివే కనబడును. చెట్టునకు తెగులు సోకినదని కొందరు భయపడుదురు. కొందరు కత్తితో గీకివేయుదురు. ఈ మచ్చలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

శాస్త్రజ్ఞులు వీనిని లైకెనులందురు. లైకెను ఒక్క జీవి కాదు, రెండు జీవుల ఉమ్మడి కాపురము. ఒకటి బూజు జాతికి చెందిన శిలీంధ్రము, రెండవది పచ్చని నాచు. శిలీంధ్రము ఇల్లు కట్టి తేమను పట్టియుంచును. నాచు సూర్యరశ్మితో ఆహారము సిద్ధపరచును. ఈ సంగతిని 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ వెల్లడించెను. మట్టి లేని బండపై ఎండకు, వానకు ఓర్చి ఇవి బ్రతుకుటకు ఈ సహకారమే కారణము.

ఇక ఉపయోగములు. బిరియాని మసాలాలో వేయు రాతిపువ్వు ఒక లైకెనే. ఆయుర్వేదములో దీనికి శైలేయమని పేరు. రాతిపువ్వన్నను ఇది చెట్ల బెరళ్లపైనను పెరుగును. అంగళ్లకు వచ్చు సరుకులో చాల భాగము హిమాలయ ప్రాంతము నుండి వచ్చును. పాఠశాలలో పిల్లలు పులుపును, క్షారమును పరీక్షించు లిట్మస్ కాగితపు రంగును మొదట తీసినది సముద్రతీరములందు పెరుగు రోసెల్లా వంటి లైకెనుల నుండియే. అత్తరులలోను, ఉన్ని అద్దకములోను ఇవి పనికివచ్చినవి. ఉత్తర ధ్రువ ప్రాంతపు రెయిన్‌డీరు జింకలకు శీతకాలమున ఇవే మేత. అయితే అన్ని లైకెనులును తినదగినవి కావు. ఐరోపాలో ఒక జాతిని తోడేళ్లకు విషముగా వాడిరి. కావున మన కొబ్బరి చెట్టుపై మచ్చను గీకి కూరలో వేయరాదు.

రైతునకు ముఖ్యమైన విషయమిది: లైకెను చెట్టు రసమును పీల్చదు, బెరడుపై కూర్చుండును, అంతే. ఆకులు పలుచబడిన చెట్టుపై వెలుతురు సోకి ఇవి హెచ్చవచ్చును. అప్పుడు నీరసమునకు కారణమును వేరుచోట వెదకవలెను. కొబ్బరి కాండము నుండి ఎర్రని గోధుమరంగు జిగురు కారినచో అది నిజమైన తెగులు. వెంటనే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానము వారి సలహా పొందుడు.

లైకెనులు గాలి శుభ్రతకు సాక్షులు కూడ. వేళ్లు లేనందున ఇవి గాలి నుండియు, వాననుండియు ఆహారము గ్రహించును. గాలిలోని విషమును గూడ గ్రహించును. పారిస్ నగరపు పొగలో ఇవి నశించుచున్నవని 1866లో నైలాండర్ అను శాస్త్రజ్ఞుడు గుర్తించెను. మీ ఊరి రావిచెట్టు క్రింద చెత్త కాల్చునప్పుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

ద్రాక్షారామము, బిక్కవోలు వంటిచోట్ల పాత శిలలు మన ఆస్తి. లైకెను రాతిని మెల్లగా తినునన్నది నిజమే. కాని ఇనుప కుంచెతో రుద్దినచో శాసనాక్షరములు ఒక్క పూటలో అరిగిపోవును. పురావస్తు శాఖ వారిని అడుగక శుభ్రపరచరాదు.

ఏజెన్సీ గ్రామముల సభ్యులకు మరొక మనవి. 1996 నాటి పెసా చట్టము, 2006 నాటి అటవీ హక్కుల చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయముపై మీకు హక్కు నొసగినవి. హక్కుతోపాటు బాధ్యతయు కలదు. లైకెనులలో అనేకము ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగును. బెరడుతో సహా ఒలిచినచో చెట్టునకు గాయము, మరుసటి ఏటికి పంట శూన్యము. కొంత విడిచి కొంత తీయవలెను. ఒక ఏడు తీసిన చోటును కొన్నేండ్లు వదలివేయవలెను. ఈ కట్టుబాటును గ్రామసభయే చేయగలదు.

బండపై రెండు అల్పజీవులు కలిసి బ్రతుకుచున్నవి. వానిని గీకివేయక, ఎరిగి కాపాడుడని మా కోరిక.